ఒక పూట పని నాలుగు రోజులైంది: పాత టూరింగ్ బండి ఫెయిరింగ్, దాని 36 బిగింపుల కేసు

బండి 2012 మోడల్, 250 సీసీ, సింగిల్ సిలిండర్, లిక్విడ్ కూల్డ్, హెడ్‌లైట్ దగ్గర్నుంచి ఇంజిన్ కింద దాకా మొత్తం ప్లాస్టిక్ కప్పేసిన ఫుల్ ఫెయిరింగ్ రకం. మీటరు 71 వేల చిల్లర చూపిస్తోంది. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే ఈ గోల ఒక్క కంపెనీది కాదు, పదేళ్ళు దాటిన ఏ ఫెయిరింగ్ బండి విప్పినా ఇదే కథ. ఓనరు రిటైరైన బ్యాంకాయన, ఇల్లు విశాఖలో సముద్రానికి దగ్గర్లోనే, బండి పెట్టేది అపార్ట్‌మెంట్ స్టిల్టులో, అంటే చుట్టూ గోడ లేదు, ఉప్పుగాలి నేరుగా బండికే తగులుద్ది. నెలకోసారి అరకు, లంబసింగి, ఒక్కోసారి మారేడుమిల్లి, ఏడాదికి ఒక పెద్ద ట్రిప్పు. బండిని బానే చూసుకుంటాడు, చైన్ చూస్తే అర్థమవుద్ది.

కంప్లైంట్లు మూడు. 5 వేల ఆర్‌పీఎం దాటితే ఎడమ పక్క నుంచి గిర్రుమని ఒకటే మోత. ఎడమ ప్యానెల్ కింది మూల దగ్గర వేలెడంత పగులు. మూడోది, కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, నెలనెలా కొంచెం కొంచెం తగ్గిపోతోంది, కింద ఒక్క చుక్క కనపడదు. ఇంతకు ముందు చూపించిన చోట హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందేమో, ఇంజిన్ విప్పాలన్నారట, అందుకే భయపడి నా దగ్గరికొచ్చాడు. నేను ముందు ప్యానెల్స్ విప్పి చూద్దాం సార్, ఒక పూట పని అన్నాను. విప్పడం గంట, అతుకు గంట, బిగించడం గంట. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నోణ్ణి, అయినా ఆ మాట ఎలా అన్నానో ఇప్పటికీ తెలీదు.

మొదటి స్క్రూ దగ్గరే ఆగిపోయాను. డూమ్, అంటే హెడ్‌లైట్ చుట్టూ ఉండే ముందు కవర్, దాని పక్కనున్న ప్లస్ తల స్క్రూ, తల మీద గాడి అరిగిపోయి గుండ్రంగా చిన్న గిన్నెలా అయిపోయుంది. ఇక్కడో విషయం చెప్పాలి, చాలామంది కుర్రాళ్ళకి తెలీదు. మన షాపుల్లో దొరికే మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ ఫిలిప్స్ రకం, జపాన్ డిజైన్ బండ్ల మీదుండేవి చాలావరకు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం, చూడ్డానికి రెండూ ఒకటే ప్లస్, కానీ లోపలి ఆకారం కొంచెం వేరు. జేఐఎస్ స్క్రూ తల మీద చాలాసార్లు సూది మొనంత చుక్క ఒకటి ఉంటుంది, అదే గుర్తు. ఫిలిప్స్ మొన అందులో అడుగుదాకా కూర్చోదు, కొంచెం పట్టేసిన స్క్రూ మీద బలం పెట్టగానే పైకి లేచి జారుద్ది, ఒకసారి జారితే గాడి చెడుద్ది, రెండోసారి ఇంకొంచెం, మూడోసారికి గిన్నె. ఈ బండిని పన్నెండేళ్ళలో ఎంతమంది విప్పారో, ప్రతివాడూ ఒక జారుడు కానుకగా ఇచ్చి పోయాడు. చేతి ఇంపాక్ట్ డ్రైవర్‌తో సుత్తి దెబ్బ కొట్టి తీద్దామంటే వెనక ఉన్నది ప్లాస్టిక్, ఆ దెబ్బకి స్క్రూ కంటే ముందు ప్యానెల్ విరుగుద్ది. హ్యాక్సా బ్లేడు ముక్కతో తల మీద అడ్డంగా గాడి కోసి మైనస్ స్క్రూడ్రైవర్‌తో తీశాను. ఒక్క స్క్రూకి ఇరవై నిమిషాలు.

అప్పుడే షాపులో నా దగ్గర పని నేర్చుకునే చిన్నోణ్ణి పిలిచి పాత టీవీ అట్టపెట్టె మూత ఒకటి తెప్పించాను. దాని మీద స్కెచ్‌పెన్‌తో బండి బొమ్మ ఎడమ, కుడి గీసి, ఏ స్క్రూ ఎక్కడ్నుంచి వచ్చిందో అక్కడే అట్టకి గుచ్చెయ్యడం. ఫెయిరింగ్ పనికి ఇంతకు మించిన పద్ధతి నేను చూళ్ళేదు, ఫోటోలు తీసినా చివర్లో గిన్నెలో కలగాపులగంగా ఉన్న స్క్రూలు చూసి తల పట్టుకోవాల్సిందే. మొత్తం విప్పాక లెక్క తేలింది: బాడీవర్క్‌ని పట్టుకునే చోట్లు 36. అందులో కంపెనీ స్క్రూలు మిగిలినవి 17. సైజు మార్చి వేసినవి 9. కర్రపనికి వాడే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు 4. కేబుల్ టై కట్టినవి 2. అసలేమీ లేనివి 4. ఆ అట్టని సార్‌కి చూపించాను, ఆయన కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు, బ్యాంకాయన కదా, “ఇది బండా, చిల్లర కొట్టా?” అన్నాడు.

రెండో తలనొప్పి వెల్ నట్. అంటే రబ్బరు బుడిపె, దాని లోపల ఇత్తడి నట్టు. స్క్రూ బిగిస్తే రబ్బరు ఉబ్బి కన్నానికి పట్టుకుంటుంది. డిజైన్ మంచిదే, వైబ్రేషన్ పీల్చుకుంటుంది, కానీ ఇనుప స్క్రూ ఇత్తడిలో తుప్పుపట్టి అతుక్కుపోయిందంటే స్క్రూ తిప్పినప్పుడల్లా ఇత్తడి కూడా రబ్బరులో గిర్రున తిరుగుద్ది, బయటికి రాదు, లోపలికి పోదు. వెనక చెయ్యి దూరే సందు ఉంటే ప్లయర్‌తో రబ్బరు నొక్కిపట్టి తియ్యొచ్చు. ఇక్కడ వెనక రేడియేటర్. డ్రిల్లుతో స్క్రూ తలని కొయ్యడమే దారి, మెల్లగా, స్పీడు తగ్గించి, మధ్యమధ్యలో తడిగుడ్డ పెట్టి, ఎందుకంటే తల వేడెక్కితే చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి ముడుచుకుపోద్ది. తల ఊడగానే ప్యానెల్ వచ్చేసింది. అలాంటివి మూడు.

మూడోది అసలు దెబ్బ. ఎడమ కింది బ్రాకెట్ అల్యూమినియం. ఎవరో “తుప్పు పట్టకూడదు” అని దానికి మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టులు వేశారు, తల మీద ఏ2-70 అని స్టెయిన్‌లెస్ గ్రేడు రాసుంది. ఉద్దేశం మంచిదే. కానీ స్టెయిన్‌లెస్, అల్యూమినియం పక్కపక్కన ఉండి మధ్యలో ఉప్పు నీళ్ళు చేరాయంటే అదొక చిన్న బ్యాటరీ, అందులో తినబడేది అల్యూమినియం. బోల్టు నిగనిగలాడుతూనే ఉంటుంది, చుట్టూ తెల్ల పొడి పేరుకుని మరలన్నీ బిగుసుకుపోతాయి. గ్రీజు గానీ యాంటీసీజ్ గానీ కొంచెం పూసి వేసుంటే ఈ బాధే లేదు. (ఇంకోటి, మెరుస్తోంది కదా అని బ్రేక్ కాలిపర్‌కి కూడా ఈ బోల్టులు వేసేవాళ్ళున్నారు, దయచేసి వద్దు, 8.8 గ్రేడు స్టీలు బోల్టుల కన్నా వీటి బలం తక్కువ.)

పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేశాను. అసిటోన్, గేర్ ఆయిల్ కలిపి కొడితే బాగా పని చేస్తుందని కొందరంటారు, ఇంజిన్ బోల్టుకైతే సరే గానీ ఫెయిరింగ్ దగ్గర మాత్రం అస్సలు పనికిరాదు, అసిటోన్ ఈ ప్లాస్టిక్‌ని ఐస్‌క్రీమ్‌లా కరిగించేస్తుంది. పొద్దున్నే హీట్ గన్‌తో బ్రాకెట్‌ని వేడి చేశాను, అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు వదులుతుంది, ప్లాస్టిక్‌కి మధ్యలో తడిబట్ట అడ్డం. నాలుగింట్లో మూడు కీచుమంటూ వచ్చాయి. నాలుగోది వస్తున్నట్టే వచ్చి, చేతికి మెత్తగా తగిలి, తల ఊడి అలెన్ కీతో పాటు నా చేతిలోకి వచ్చేసింది. ఆ మెత్తదనం ఈ పని చేసేవాళ్ళకి తెలుసు, మర వదిలినప్పుడు మెత్తగానే ఉంటుంది, బోల్టు తెగేటప్పుడూ మెత్తగానే ఉంటుంది, ఏది ఏదో తెలిసేసరికి అయిపోద్ది.

బ్రాకెట్ ఊడదీసి పక్క వీధి వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళాం. మిగిలిన మొండెం మీద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ నింపితే ఆ వేడికీ, నట్టు ఇచ్చే పట్టుకీ బోల్టు వచ్చింది, కానీ అల్యూమినియం మరలు కూడా పొడిపొడిగా దాంతో పాటే వచ్చేశాయి. 6.3 ఎంఎం బిట్‌తో డ్రిల్ చేసి, ఇన్సర్ట్ కిట్ ట్యాప్ తిప్పి, స్ప్రింగులా ఉండే స్టీలు మర దించాను, మళ్ళీ ఎం6 (6 ఎంఎం మర) అయింది. ఇలాంటి వెల్డింగ్ బండి మీదే చెయ్యాల్సి వస్తే ముందు బ్యాటరీ వైర్లు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) కప్లర్ పీకెయ్యాలి, లేదంటే స్క్రూ ఖర్చు ఈసీయూ ఖర్చు అయి కూర్చుంటుంది. విరిగిన బోల్టులు తీసే ఎక్స్‌ట్రాక్టర్ ఎందుకు వాడలేదని అడగొచ్చు. చిన్న సైజు ఎక్స్‌ట్రాక్టర్ లోపల విరిగితే దాన్ని మామూలు డ్రిల్ కొయ్యలేదు, నేను ఒకసారి తిన్నాను ఆ దెబ్బ.

మధ్యలో ఇంకో చిన్న సర్కస్. ఒక స్టెయిన్‌లెస్ స్క్రూ జారి కింద బెల్లీ ప్యాన్‌లోకి, అంటే ఇంజిన్ కిందుండే ప్లాస్టిక్ కవర్‌లోకి పోయింది. చిన్నోడు మ్యాగ్నెట్ పుల్ల పట్టుకుని పావుగంట కెలికాడు, “అన్నా, మ్యాగ్నెట్ పోయినట్టుంది.” మ్యాగ్నెట్ పోలేదురా, ఆ రకం స్టెయిన్‌లెస్ మ్యాగ్నెట్‌కి పెద్దగా అంటుకోదు. పుల్ల చివర గ్రీజు ముద్ద పెట్టి తీశాం.

ఎడమ ప్యానెల్ బయటికొచ్చాక కూలెంట్ గుట్టు తెలిసింది. ప్యానెల్ వెనకే కూలెంట్ రిజర్వ్ డబ్బా. కంపెనీ అక్కడ వేసింది ఎం6, 16 ఎంఎం పొడవు స్క్రూ. ఎవరో అది పోయాక చేతికందిన 25 ఎంఎం వేసేశారు. తొమ్మిది ఎంఎం ఎక్కువ. ఆ మొన వెనకున్న డబ్బాని ఆనుకుని, ప్రతి గుంతకీ గీరి గీరి, పైభాగంలో సూది మొనంత కన్నం పెట్టింది. ఇంజిన్ వేడెక్కినప్పుడు కూలెంట్ డబ్బాలో ఆ ఎత్తుకి వస్తుంది, కొంచెం కారుతుంది, వేడి ఇంజిన్ మీద పడి ఆవిరైపోతుంది, కింద చుక్క ఎలా కనపడుతుంది? సార్‌ని పిలిచి డబ్బాని వెలుతురుకి ఎత్తి చూపించాను, కన్నంలోంచి వెలుగు చుక్కలా పడింది. ఆయన ఏం మాట్లాడకుండా ఆ స్క్రూ అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు. హెడ్ విప్పడానికి ఎంత అడిగారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక నా తప్పు. ట్యాంకు పక్క ప్యానెల్‌కి వెనక మూడు ముక్కులు ఉంటాయి, ప్లాస్టిక్ పుల్లల్లా, అవి రబ్బరు గ్రోమెట్లలో దూరి కూర్చుంటాయి. కొత్తలో రబ్బరు మెత్తగా ఉంటుంది, లాగితే టప్పుమని వస్తుంది. పన్నెండేళ్ళకి రబ్బరు గట్టిపడి రాయి అయిపోద్ది. సబ్బునీళ్ళు పోసి, హెయిర్ డ్రయ్యర్ పెట్టి, వెనక నుంచి వేలితో నెట్టాలి, ముందు నుంచి లాగకూడదు. ఇదంతా చిన్నోడికి రోజూ చెప్పే నేనే, రెండో రోజు సాయంత్రం విసుగులో లాగాను. టక్. ఆ చప్పుడుకి షాపులో రేడియో కూడా ఆగినట్టనిపించింది. విరిగిన ముక్కుని సార్‌కి చూపించి నేనే విరగ్గొట్టాను, దీనికి డబ్బు తీసుకోనని చెప్పేశాను. మొండెం మధ్యలో సన్నగా డ్రిల్ చేసి 3 ఎంఎం స్క్రూ ఎముకలా దించి, చుట్టూ కరిగించిన ప్లాస్టిక్ పోసి కొత్త ముక్కు కట్టాను. గట్టిపడిన గ్రోమెట్లన్నీ తీసి పారేసి వేరే బండి సైడ్ ప్యానెల్‌కి వచ్చే రబ్బర్లు వేశాం, సైజు సరిపోయింది.

ప్లాస్టిక్ అతుకు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. ప్యానెల్ వెనక్కి తిప్పి చూస్తే >ABS< లాంటి ముద్ర ఉంటుంది, అంటే ఏబీఎస్, బ్రేకుల ఏబీఎస్ కాదు, అక్రిలోనైట్రైల్ బ్యూటాడైన్ స్టైరీన్. మడ్‌గార్డులు, లోపలి కవర్లు చాలావరకు పీపీ, అంటే పాలీప్రొపైలిన్. ముద్ర అరిగిపోతే చిన్న ముక్క కోసి నీళ్ళ గ్లాసులో వెయ్యండి, మునిగితే ఏబీఎస్ అనుకోవచ్చు, తేలితే పీపీ. పీపీకి అసిటోన్ పని చెయ్యదు, మామూలు గమ్ములూ పట్టవు. ఈ ప్యానెల్ ఏబీఎస్. దాని పగులు మీద ఎవరో ఇదివరకే ఎపాక్సీ ముద్ద పెట్టారు, అది రాయిలా గట్టి, ప్యానెల్ మాత్రం ఊగేది, ఊగినప్పుడల్లా ముద్ద అంచు దగ్గర కొత్త పగులు. పాత ముద్దంతా గీకి తీశాను. పగులు ఎక్కడ ఆగిందో అక్కడ 2 ఎంఎం కన్నం వేశాను, అలా గుండ్రటి కన్నం ఉంటే పగులు ముందుకి పాకదు. విరిగిన పాత ఏబీఎస్ డూమ్ ముక్కలు గాజు సీసాలో అసిటోన్‌లో నానబెడితే తెల్లారేసరికి ఇడ్లీ పిండిలా చిక్కగా అయింది. పగులుని లోపలి వైపు వి ఆకారంలో గీసి, దోమల కిటికీకి వేసే సన్న స్టీలు జాలి ముక్కని సోల్డరింగ్ ఐరన్‌తో ప్లాస్టిక్‌లోకి అదిమి, పైన ఆ పిండి మూడు పొరలు. ఒక్కో పొర ఆరనివ్వాలి, మొత్తం మీద ఒక రోజు ముట్టుకోకూడదు. సోల్డరింగ్ పొగ మంచిది కాదు, షట్టర్ మొత్తం ఎత్తి ఫ్యాన్ పెట్టుకుని చెయ్యండి. బయటి వైపు రంగు పని పెయింటర్‌కి ఇచ్చాను.

అతుకు ఆరేలోపు అసలు పగులు ఎందుకొచ్చిందో చూస్తూ కూర్చున్నాను. సార్ గుంతల వల్ల అనుకుంటున్నాడు. కానీ పగులు మొదలైంది స్క్రూ కన్నం అంచు నుంచి. ఆ కన్నంలో కంపెనీ నుంచి వచ్చినప్పుడు రబ్బరు, రబ్బరు మధ్యలో చిన్న ఇనుప గొట్టం ఉంటుంది, మేము కాలర్ అంటాం, కొందరు బుష్ అంటారు. స్క్రూ ఎంత బిగించినా ఆ కాలర్ మీదే బిగుస్తుంది, ప్లాస్టిక్ మాత్రం రబ్బరులో కొంచెం కదులుతూ ఉంటుంది. అంటే ఫెయిరింగ్ బండికి వేలాడుతుంది, బిగించి ఉండదు. ఈ బండిలో అయిదు కాలర్లు లేవు. కింద పడిపోయుంటాయి, వాటి బదులు వాషర్లు. ఇంక స్క్రూ నేరుగా ప్లాస్టిక్‌ని నలుపుతుంది, పైగా వదులవకుండా ఎవరో థ్రెడ్‌లాక్ కూడా పోశారు, నీలం మరకలు కనపడుతున్నాయి. ఆ ద్రవం ఏబీఎస్‌కి తగిలితే ఒత్తిడి ఉన్నచోట సాలెగూడులా సన్న పగుళ్ళు తెప్పిస్తుంది, కన్నం చుట్టూ అచ్చం అలాగే ఉన్నాయి. మోత కూడా ఇదే. కాలర్ లేక ప్యానెల్ ఒకచోట మరీ బిగువు, స్క్రూ లేని ఇంకోచోట వదులు, 5 వేల ఆర్‌పీఎం దగ్గర ఆ వదులు అంచు బ్రాకెట్‌కి కొట్టుకుంటోంది. సార్‌తో చెప్పాను, “గుంతలు కాదు సార్, మా వాళ్ళే.”

కాలర్ల కోసం స్పేర్ షాపుల్లో అడిగితే విడిగా రావన్నారు, ప్యానెల్ మొత్తం కొనాలి, ఈ మోడల్‌కి ఇప్పుడు ఆర్డర్ పెట్టి అడ్వాన్స్ కట్టాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేరు. బయటి కంపెనీ ప్యానెల్ ఒకటి దొరికింది గానీ దాని కన్నాలు పెట్టి చూస్తే ఒక్కోటి మూడు నాలుగు ఎంఎం పక్కకి. లేత్ మిషన్ ఆయన దగ్గరికి పోయి మిగిలిన పాత కాలర్ ఒకటి చూపించి అల్యూమినియంలో అయిదు చేయించాను, అరగంట పని, ₹400. మొత్తం కేసులో అన్నిటికంటే హాయిగా అయిన పని అదొక్కటే.

బిగించేటప్పుడు ప్రతి స్క్రూ మర మీద వేలి చివరంత గ్రీజు. అన్నీ ముందు చేత్తో రెండు మూడు చుట్లు మాత్రమే, ఒక్కటీ బిగించకూడదు, 36 అయ్యేదాకా. ఒకటి బిగించేస్తే చివరిదానికి కన్నం కలవదు, అప్పుడు ప్యానెల్‌ని మోకాలితో నెట్టి దించుతారు, ఆ ఒత్తిడి ఎప్పటికీ అందులోనే ఉండిపోద్ది. బిగింపు విషయానికొస్తే ఇంజిన్ కవర్ ఎం6 బోల్టుకి 10 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్, బిగింపు బలం కొలత) దాకా ఇస్తారు, ఫెయిరింగ్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు. స్క్రూడ్రైవర్ పిడికిట్లో పట్టుకోవద్దు, బొటనవేలు, రెండు వేళ్ళు చాలు, ఆనగానే ఆగాలి. బ్యాటరీ డ్రిల్లుతో బిగించేవాళ్ళకి నేను ప్యానెల్ ఇవ్వను, చిన్నోడైనా సరే.

బిల్లు: లేబరు 3,500, స్క్రూలు క్లిప్పులు రబ్బర్లు 860, లేత్ 400, రిజర్వ్ డబ్బా 650, కూలెంట్ 450, పెయింటర్ 1,200, మొత్తం ₹7,060. ఇన్సర్ట్, వెల్డింగ్ నా లేబరులోనే వేసుకున్నాను. ఆయన బేరం ఆడలేదు గానీ ఒక మాట అడిగాడు.

“స్క్రూలు విప్పి బిగించడానికి నాలుగు రోజులా బాబూ? నువ్వు పూట అన్నావు.”

“బిగించడం పూటే సార్. విప్పడమే మూడున్నర రోజులు.”

నవ్వి 7 వేలు ఇచ్చాడు, 60 వదిలెయ్యమన్నాడు.

మూడు నెలల తర్వాత చైన్ బిగువు చూడమని వచ్చాడు, ఈ మధ్య 2,800 కిలోమీటర్లు తిరిగాడట. కూలెంట్ గీత మీదే ఉంది. అతుకు దగ్గర గోరుతో గీరి చూశాను, 2 ఎంఎం కన్నం దాటి ఏమీ పాకలేదు. 5 వేల దగ్గర ఎడమ పక్క మోత లేదు, కానీ ఆ మోత పోయాక ఇప్పుడు కుడి అద్దం సన్నగా ఒణకడం వినపడుతోందని కంప్లైంట్. డూమ్ వైపు చూస్తే పైన ఒక స్క్రూ మాత్రం నాది కాదు, పసుపు రంగు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ, తల నిండా కొత్త గీతలు. ఏంటి సార్ ఇది అంటే, దార్లో హెడ్‌లైట్ బల్బు పోతే ఒకచోట మార్పించానని చెప్పాడు. చిన్నోణ్ణి పిలిచి అట్టపెట్టె మూత వెతకమన్నాను, పారెయ్యలేదు, గోడకి ఆనించే ఉంది.